ఫంక్షన్ హాల్ లాన్‌కు కొత్త మోవర్ (గడ్డి కోసే మిషన్): ఏ ఇంజిన్ ఉన్నది తీసుకోవాలి? (కడప)

హాల్ మేనేజర్, కడప

అందరికీ నమస్తే. రాజంపేట రోడ్డు వైపు ఒక ఫంక్షన్ హాల్ చూసుకుంటున్నాను. బయట లాన్ సుమారు 40 సెంట్లు. స్టేజీ ముందు కొరియన్ గడ్డి, మిగతాదంతా బెర్ముడా. నడిచే దారి పొడుగునా కడప బండలు పరిచి ఉన్నాయి. పాత మిషన్ పొగ తప్ప ఇంకేమీ ఇవ్వడం లేదు. 80 వేల లోపల కొత్తది చూడమని ఓనరు చెప్పారు. వెనక నడుస్తూ కోసే రకమే కావాలి, ఎక్కి కూర్చునేది వద్దు.

మూడు కొటేషన్లు తెప్పించాను. మొదటిది 21 అంగుళాల డెక్ (బ్లేడు తిరిగే కింది గిన్నె), హోండా జీఎక్స్‌వీ160 ఇంజిన్. రెండోదానికి బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ ఇంజిన్, మూత మీద 675 అని ఉంది. మూడోది నేను పేరు వినని కంపెనీది, చైనా ఇంజిన్, 6.5 హెచ్‌పీ అని పెద్ద ఎర్ర స్టిక్కరు. ధర మొదటిదాంట్లో సగం కూడా లేదు. హోండా కాగితంలో చూస్తే 4.3 హెచ్‌పీ అనే ఉంది. "తక్కువ హెచ్‌పీకి డబుల్ రేటు ఎందుకయ్యా" అని ఓనరు అడిగితే నా దగ్గర జవాబు లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

నంద్యాల బుల్లోడు

నాలుగు మేకల్ని కట్టేయండి సార్. పెట్రోలు ఖర్చు లేదు, సర్వీసింగ్ లేదు.

హాల్ మేనేజర్, కడప

పట్టుచీరల కుచ్చిళ్లు ఆనేచోట మేక పెంటికలా? మా ఓనరు మేకల పక్కనే నన్నూ కట్టేస్తాడు.

స్పానర్ సెట్టు, కర్నూలు

అన్నా, ముందు ఆ హెచ్‌పీ లెక్క పక్కన పెట్టండి. జనరేటర్లకు, పవర్ వీడర్లకు వచ్చే హోండా జీఎక్స్160 మీరు చూసే ఉంటారు, 163 సీసీ. ఒకప్పుడు దాన్ని 5.5 హెచ్‌పీ అని అమ్మారు. ఇప్పుడు అదే ఇంజిన్‌కు అదే కంపెనీ 4.8 అని రాస్తోంది. మారింది ఇంజిన్ కాదు, కొలిచే పద్ధతి. పాత లెక్క గ్రాస్. కొత్తది నెట్, అంటే ఫిల్టరు, సైలెన్సరు బిగించి, మన చేతికి వచ్చే ఇంజిన్ ఎట్లుంటుందో అట్లనే పెట్టి కొలిచింది. 196 సీసీ ఉన్న జీఎక్స్200 కూడా నెట్‌లో 5.5 దాటదు. మీ ఎర్ర స్టిక్కరు ఇంజిన్ ఎన్ని సీసీ? అది చెప్తే మిగతాది మాట్లాడుకుందాం.

ఇంకోటి. మోవర్ ఇంజిన్ ఎప్పుడూ 3,600 ఆర్‌పీఎం మీద తిరగదు. కాగితంలో 4.3 అని రాసింది ఆ స్పీడు మీద. 21 అంగుళాల బ్లేడును 3,600 మీద తిప్పితే దాని కొస సెకనుకు 100 మీటర్ల వేగం దాటుతుంది. అమెరికా భద్రతా ప్రమాణంలో హద్దు 96 మీటర్ల చిల్లర. అందుకే ఇంజిన్ స్పీడును అదుపు చేసే గవర్నరును 3,000, 3,100 దగ్గర కట్టేస్తారు. మూడు మిషన్లలో ఏది కొన్నా మీ బ్లేడుకు అందేది నాలుగు హెచ్‌పీకి అటూ ఇటూ. 40 సెంట్లకు అది చాలు.

ప్రొద్దుటూరు టు బెంగళూరు

పైన చెప్పినదానికి ఇంకొంచెం. ఈ హెచ్‌పీ అంకెల మీద అమెరికాలో మోవర్లు కొన్నవాళ్లు కేసు వేశారు. ఇంజిన్ కంపెనీలు, మోవర్ కంపెనీలు చాలా వరకు అందులో ఉన్నాయి. 2010లో సెటిల్ చేసుకున్నారు. ఆ గొడవ నడిచిన కాలం నుంచే వెనక నడిచే మోవర్ల మీద హెచ్‌పీ రాయడం తగ్గి, టార్క్ (తిప్పే బలం) గానీ సీసీ గానీ రాయడం మొదలైంది.

మీ రెండో కొటేషన్‌లో 675 అంటే అదే. 6.75 ఫుట్-పౌండ్ల టార్క్, అదీ గ్రాస్. న్యూటన్ మీటర్లలో 9 చిల్లర. దాన్ని 2,600 నుంచి 3,000 తిరుగుళ్ల మధ్య హెచ్‌పీలోకి మారిస్తే మూడుంబావు నుంచి నాలుగు లోపు వస్తుంది. 675 అని చూసి 6.75 హెచ్‌పీ అనుకునేవాళ్లు చాలామంది. డీలర్లు కూడా దిద్దరు, వాళ్లకు నష్టమేముంది?

హాల్ మేనేజర్, కడప

స్పానర్ అన్నా, ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కున్నా. ఎర్ర స్టిక్కరుది 173 సీసీ. 196 సీసీకే 5.5 దాటదంటే దీనికి 6.5 ఎట్లా వచ్చిందని అడిగితే "కంపెనీ వాళ్లు రాసినారు సార్" అన్నాడు.

చీనీ తోట, నార్పల

మీరంతా కలిసి చైనా ఇంజిన్‌ను చంపేస్తున్నారు. నా తోటలో పవర్ వీడరుకు ఉన్నది జీఎక్స్ చూసి చేసిన చైనా ఇంజినే. కార్బొరేటర్ పోతే అనంతపురంలో ఏ స్ప్రేయర్ల షాపులో అడిగినా తీసి ఇస్తారు. పిస్టన్, రింగులు, స్టార్ట్ చేయడానికి లాగే రికాయిల్ తాడు అన్నీ దొరుకుతాయి, రేటు కూడా చిల్లర డబ్బులు. ఒరిజినల్ ఇంజిన్ ధరకు ఇట్లాంటివి రెండు కొనుక్కోవచ్చు. ఒకటి అరిగేలోగా రెండోది మూలన పెట్టుకోవచ్చు.

లేదంటే డీజిల్ చూడండి. పడితే పాతికేళ్లు తిరుగుతుంది.

స్పానర్ సెట్టు, కర్నూలు

> కార్బొరేటర్ పోతే అనంతపురంలో ఏ స్ప్రేయర్ల షాపులో అడిగినా తీసి ఇస్తారు

నిజమే అన్నా, కాదనను. కాకపోతే మీది అడ్డ షాఫ్ట్ ఇంజిన్, అంటే తిరిగే కడ్డీ పక్కకు వస్తుంది. వీడరు, పంపు, జనరేటరు అన్నిటికీ అదే. చాలావాటికి షాఫ్ట్ ముప్పావు అంగుళం, బోల్టుల కొలతలు కూడా ఒకటే. చాలావరకు ఒక కంపెనీది ఊడదీసి ఇంకోటి పెట్టొచ్చు. మోవర్‌కు కావలసింది నిలువు షాఫ్ట్. షాఫ్ట్ కిందికి దిగి డెక్ లోపలికి వస్తుంది, దాని కొసకే బ్లేడు బిగిస్తారు. మధ్యలో బెల్టు లేదు, గేరు లేదు. ఈ నిలువు రకంలో చైనా ఇంజిన్లకు ఒక పద్ధతంటూ లేదు. కార్బొరేటర్ ఒకదానిది ఇంకోదానికి కూర్చోదు. మా షాపుకు వచ్చే బేరాల్లో ఎక్కువ ఇవే. ఇంజిన్ బాగానే ఉంటుంది, ఒక గ్యాస్కెట్ (రెండు భాగాల మధ్య పెట్టే అట్ట ముక్క) దొరక్క మిషన్ మూలన పడుతుంది.

డీజిల్ మాట వద్దు. ఎయిర్ కూల్డ్ డీజిల్, 400 సీసీ రకం, ఇంజిన్ ఒక్కటే దాదాపు 50 కేజీలు. కొరియన్ గడ్డి మీద దాన్ని తోస్తే చక్రాల గాళ్లు పెళ్లి ఫొటోల్లో కనపడతాయి.

పీఈటీ రిటైర్డ్, అనంతపురం

ఇంజిన్ కంటే ముందు మిషన్ రకం తేల్చుకోవాలి. గ్రౌండ్ల మీద వాడేది సిలిండర్ మోవర్. రీలు కత్తెరలాగా కోస్తుంది, వెనక రోలరు ఉంటుంది కాబట్టి చారలు పడతాయి. మా కాలంలో వాటికి విల్లియర్స్ ఇంజిన్లుండేవి, తాడు చుట్టి లాగడం, స్టార్ట్ కాకపోతే మళ్లీ చుట్టడం. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మన ఊళ్లో ఆర్‌డీటీ గ్రౌండ్‌లో జరిగినప్పుడు చూసినవాళ్లకు తెలుసు, ఆ అవుట్‌ఫీల్డ్ ఎంత నున్నగా ఉండిందో. అట్లాంటి పని కావాలంటే సిలిండర్ మోవరే. దానికి ఇంజిన్ అడ్డ షాఫ్ట్‌ది, చెయిన్ గానీ బెల్టు గానీ మధ్యలో ఉంటుంది. అప్పుడు నార్పల ఆయన చెప్పినట్టు ఏ ఇంజిన్ అయినా మార్చుకోవచ్చు.

అయితే ఫంక్షన్ హాల్లో సిలిండర్ మోవర్ కొనమని నేను చెప్పను. పొద్దున ఒక్క సీసా మూత, ఒక్క మేకు రీలులో పడితే బ్లేడు పళ్లు పోతాయి. దాన్ని సాన పట్టే మనిషి దగ్గర్లో ఉండాలి.

స్పానర్ సెట్టు, కర్నూలు

పీఈటీ సార్ మంచి మాట ఎత్తారు. మేకులు, మూతలే కాదు, మేనేజర్ అన్నా, మీ లాన్‌కు అసలు శత్రువు ఆ కడప బండలు. అంచు గడ్డి కంటే రవ్వంత లేచి ఉన్నా చాలు. బ్లేడు ఫుల్ స్పీడులో బండ అంచుకు తగిలిందంటే, బ్లేడు నేరుగా క్రాంక్ షాఫ్ట్‌కే ఉంది కాబట్టి దెబ్బ అంతా ఇంజిన్‌కే. రెండు జరుగుతాయి.

అదృష్టం బాగుంటే పైన ఫ్లైవీల్ (బరువు చక్రం) షాఫ్ట్ మీద జారకుండా పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క, కీ అంటారు, అది తెగుతుంది. ఫ్లైవీల్ కాస్త పక్కకు తిరిగి ఉంటుంది, కరెంటు వచ్చే టైమింగ్ తప్పుతుంది. తాడు లాగితే వెనక్కు కొడుతుంది, లేదంటే అసలు స్టార్ట్ కాదు. ప్లగ్గు మార్చి, కార్బొరేటర్ కడిగి, చివరికి ఇంజిన్ పోయిందని చెప్పే మెకానిక్‌లు ఉన్నారు. తెగింది వంద రూపాయల్లోపు కీ. బండకు తగిలాక స్టార్ట్ కాకపోతే ముందు అదే చూడమనండి.

అదృష్టం బాగలేకపోతే షాఫ్టే వంగుతుంది. మిషన్ మొత్తం వణుకుతుంది, హ్యాండిల్ పట్టుకుంటే చేతులు తిమ్మిరెక్కుతాయి. దాన్ని లేత్ షాపులో సుత్తితో కొట్టి నిలబెట్టి ఇస్తారు కొందరు. ఒప్పుకోవద్దు. కొట్టి నిలబెట్టిన షాఫ్ట్ ఎప్పుడు విరుగుతుందో తెలియదు, విరిగితే బ్లేడు ఎవరి కాళ్ల మీదకు పోతుందో తెలియదు.

ఏ ఇంజిన్ కొన్నా బండల పక్క ఒక అడుగు వదిలి కోయించండి. ఆ అంచు బ్రష్ కట్టరుతో నైలాన్ తాడు పెట్టి కోసుకోవచ్చు.

ప్రొద్దుటూరు టు బెంగళూరు

ఇంతసేపు ఎవరూ బ్యాటరీ మాట ఎత్తలేదేం? తాడు లేదు, పొగ లేదు, పెట్రోలు లేదు. పైగా రూముల్లో చుట్టాలు నిద్రపోతుంటే పొద్దున 6 గంటలకు కోసుకోవచ్చు. 80 వేలలో బ్యాటరీ మోవర్ కూడా వస్తుంది.

హాల్ మేనేజర్, కడప

అది నేనూ ఆలోచించాను. ముహూర్తాల రోజుల్లో శబ్దం పెద్ద తలనొప్పి. కానీ 40 సెంట్లు ఒక్క చార్జింగ్‌తో అవుతుందా?

ప్రొద్దుటూరు టు బెంగళూరు

లెక్క వేద్దాం. 40 సెంట్లు అంటే 1,600 చదరపు మీటర్లు. 21 అంగుళాల డెక్‌తో వరసకు వరస కొంచెం కలిపి కోస్తే వెడల్పు 45 సెంటీమీటర్లు వస్తుంది. గంటకు 3 కిలోమీటర్ల నడకైతే గంటకు 1,350 చదరపు మీటర్లు. మలుపులు, గడ్డి బుట్ట ఖాళీ చేయడం కలిపితే గంటన్నర పైనే. 40 వోల్టులు, 5 ఆంపియర్ అవర్ బ్యాటరీలో ఉండేది సుమారు 180 నుంచి 200 వాట్ అవర్లు. దట్టమైన బెర్ముడాలో మోటారు కిలోవాటు దాకా లాగితే పావు గంట కూడా రాదు. పలచటి గడ్డిలో ఎక్కువ వస్తుంది. అంటే గడ్డి దట్టంగా ఉంటే మీకు ఆరేడు బ్యాటరీలు కావాలి. హు... నా వాదనను నేనే కొట్టేసుకున్నట్టుంది.

చీనీ తోట, నార్పల

బ్యాటరీకి ఇంకో కష్టం. మే నెలలో రేకుల షెడ్డులో చార్జింగ్ పెట్టి చూడండి. లిథియం బ్యాటరీ లోపల వేడి 45 డిగ్రీలు దాటితే చాలా చార్జర్లు చార్జింగ్ ఎక్కించవు, ఎర్ర లైటు వెలుగుతుంది. నా స్ప్రేయరు బ్యాటరీ మధ్యాహ్నం ఎప్పుడూ అంతే. సాయంత్రం చల్లబడ్డాకే ఎక్కుతుంది.

నంద్యాల బుల్లోడు

మేకకు చార్జింగ్ అక్కర్లేదని మనవి.

మోడరేటర్

మేకల మీద వేరే చర్చ పెట్టుకోండి. ఇక్కడ ఇంజిన్ మీద మాత్రమే.

స్పానర్ సెట్టు, కర్నూలు

ప్రొద్దుటూరు అన్న లెక్క చాలా పనికొచ్చింది. కోసిన ప్రతిసారి గంటన్నర, వానాకాలంలో వారానికి రెండుసార్లు, ఎండాకాలం పది రోజులకోసారి అనుకున్నా ఏడాదికి వంద గంటలు దాటుతుంది. ఇంటి ముందు రెండు సెంట్ల లాన్ కోసే ఇంజిన్‌కు ఎన్నో ఏళ్లలో పడే పని మీకు ఒక్క ఏడాదిలో పడుతుంది. అందుకే ఇంటి వాడకం ఇంజిన్, పని వాడకం ఇంజిన్ అని రెండు రకాలుంటాయి. ఒకే కంపెనీలో కూడా.

అమెరికా మార్కెట్‌కు తయారైన ఇంజిన్ మీద ఒక స్టిక్కరు ఉంటుంది, ఉద్గారాల గురించి. అందులో 125, 250, 500 గంటలలో ఏదో ఒకటి రాసి ఉంటుంది. పొగ ప్రమాణాల్లో ఎన్ని గంటలు నిలబడుతుందని కంపెనీ ఒప్పుకున్నదో ఆ అంకె. ఇంజిన్ ఆయుష్షు అంతేనని కాదు, కానీ 125 అని ఉన్నదానికీ 500 అని ఉన్నదానికీ తేడా మీకే అర్థమవుతుంది. ఎర్ర స్టిక్కర్ల కంటే ఈ చిన్న అక్షరాల స్టిక్కరు చదవండి.

హోండాలోనే చూడండి. మీ కొటేషన్‌లో జీఎక్స్‌వీ అని ఉందా, జీసీవీ అని ఉందా? బిల్లులో అక్షరం అక్షరం చూసుకోండి. జీఎక్స్‌వీలో సిలిండర్ లోపల పోత ఇనుము స్లీవ్ ఉంటుంది, హెడ్ విడిగా ఊడుతుంది. జీసీవీ160లో హెడ్, సిలిండర్ ఒకే ముక్కగా పోస్తారు, వాల్వుల కామ్‌ను లోపల ఉండే రబ్బరు బెల్టు తిప్పుతుంది. తేలిక, శబ్దం తక్కువ, ఇంటి లాన్‌కు బంగారం లాంటిది. వంద గంటల పనికి మాత్రం నేను జీఎక్స్‌వీయే అంటాను. వాల్వు సీటు కాలినా, అరిగినా హెడ్ విప్పి బాగు చేయొచ్చు.

హాల్ మేనేజర్, కడప

చూశాను, జీఎక్స్‌వీ అనే ఉంది. అన్నా, ఇంకో మాట. మా పాతదానికి పొగ ఎందుకు వచ్చింది? కొత్తదానికి కూడా అదే గతి పడితే ఎంత పెట్టి కొని ఏం లాభం?

స్పానర్ సెట్టు, కర్నూలు

ఎయిర్ ఫిల్టర్ తీసి చూశారా ఎప్పుడైనా?

హాల్ మేనేజర్, కడప

పనివాడిని అడిగితే "ఫిల్టర్ ఉంటే ఇంజిన్‌కు గాలి ఆడటం లేదని తీసేసినా సార్" అన్నాడు.

పీఈటీ రిటైర్డ్, అనంతపురం

అయిపోయింది. ఇంక చెప్పేదేముంది.

స్పానర్ సెట్టు, కర్నూలు

మన మట్టికి అదే చావు. ఎండిన గడ్డి కోస్తే బ్లేడు గాలికి దుమ్మంతా లేస్తుంది, ఫిల్టర్ లేని కార్బొరేటర్ ఆ దుమ్మును నేరుగా సిలిండర్‌లోకి పీలుస్తుంది. నూనెలో కలిసిన దుమ్ము గరుకు పేస్టులా మారి రింగులను రుద్దేస్తుంది. తర్వాత నూనె పైకెక్కి పొగ. ఏ కంపెనీ ఇంజిన్ అయినా ఇంతే, హోండా అని దుమ్ము వదిలిపెట్టదు.

అందుకే ఇంజిన్ ఎంచుకునేటప్పుడు ఫిల్టర్ మూత తెరిపించి చూడండి. లోపల పేపర్ ఫిల్టర్, దాని మీద ఫోమ్, రెండూ ఉన్నది మనకు మంచిది. ఫోమ్ ఒక్కటే ఉన్నది పచ్చిక ఊళ్లకు సరిపోతుంది, కడపకు కాదు. పేపర్‌ను నీళ్లతో కడగొద్దు, మెల్లగా తట్టి, గాలి కొడితే లోపలి నుంచి బయటికి కొట్టాలి. మాన్యువల్‌లో 50 గంటలకోసారి అని ఉన్నా, దుమ్ములో ఇంకా ముందే అని కింద చిన్నగా రాసి ఉంటుంది. మనం ఆ చిన్న అక్షరాల కిందికి వస్తాం.

పై మూత కింద ఇంజిన్ రెక్కలు కూడా చూడాలి. ఎండకు ఇంజిన్ చెడిపోతుందని అందరూ భయపడతారు, కానీ రెక్కల మధ్య గడ్డి పొట్టు నిండి గాలి ఆడకపోతేనే వేడెక్కి పట్టేస్తుంది.

ప్రొద్దుటూరు టు బెంగళూరు

పెట్రోలు సంగతి కూడా అడగండి డీలర్‌ను. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసింది. చాలా చిన్న ఇంజిన్ల మాన్యువల్స్‌లో 10 శాతం వరకే అని ఉంటుంది. మీ మోడల్‌కు ఈ20 సరిపోతుందని కాగితం మీద రాయించుకోండి, నోటిమాట వద్దు.

హాల్ మేనేజర్, కడప

రాసి ఇవ్వకపోతే?

స్పానర్ సెట్టు, కర్నూలు

రాసి ఇవ్వకపోయినా తిరుగుతుంది, కానీ ట్యాంకులో నిలవ ఉంచొద్దు. ఇథనాల్ తేమ పీలుస్తుంది, కార్బొరేటర్ గిన్నెలో పాచిలాగా కడుతుంది, జెట్ (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) మూసుకుపోతుంది. మిషన్ పదిహేను రోజులు ఆపుతారంటే ట్యాంకు ఖాళీ చేసి, ఆగేదాకా నడిపి వదిలేయండి. జనవరి నుంచి మార్చి దాకా గడ్డి అంతగా ఎదగదు కదా, అప్పుడే ఎక్కువ పాడవుతాయి. ఏప్రిల్‌లో మా షాపుకు వచ్చే మిషన్లు సగం ఇవే.

చీనీ తోట, నార్పల

సరే, నాది ఒకటే సలహా. మూడు ఇంజిన్ల పేర్లూ రాసుకుని కడప బజారులో తిరగండి. కార్బొరేటర్ గ్యాస్కెట్, ఫిల్టర్, ఫ్లైవీల్ కీ, రికాయిల్ తాడు, ఈ నాలుగు ఎవరి దగ్గర ఎన్ని రోజుల్లో దొరుకుతాయో అడగండి. హెచ్‌పీ, టార్క్ అన్నీ తర్వాత. ఇది చైనా ఇంజిన్ వాడేవాడు చెప్పే మాట, వినండి.

పీఈటీ రిటైర్డ్, అనంతపురం

కొన్నాక ఒక పని చేయొద్దు. హ్యాండిల్ మీద ఒక లివరు ఉంటుంది, వదిలితే బ్లేడు ఆగిపోవాలి. 3 సెకన్లలో ఆగాలని అమెరికాలో 1982 నుంచి రూలు. మన దగ్గర పనివాళ్లు చేయి నొప్పి అని దాన్ని బైండింగ్ వైరుతో కట్టేస్తారు. నేను ఎన్ని చోట్ల విప్పించానో. గడ్డి ఇరుక్కుంటే మిషన్ నడుస్తుండగానే చేయి పెడతారు, ఇంక చెప్పనక్కర్లేదు.

హాల్ మేనేజర్, కడప

నార్పల అన్న చెప్పినట్టు తిరిగి వచ్చాను. జీఎక్స్‌వీ ఫిల్టర్, తాడు ఇక్కడే ఉన్నాయి. కీ, గ్యాస్కెట్ హైదరాబాదు నుంచి తెప్పిస్తామన్నారు. బ్రిగ్స్‌వి బెంగళూరు నుంచి రావాలట, ఫిల్టర్ కూడా. మూడోదానికి ఒక షాపాయన ఫొటో చూసి "ఇది ఏది సార్, ఇంజినా?" అని అడిగాడు. డీలరేమో స్పేర్లు అక్కర్లేదు, వారంటీ ఉంది అంటాడు.

ఓనరుకు ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. మేకల దగ్గర నవ్వారు, ఫిల్టర్ తీసేసిన దగ్గర నవ్వలేదు. జీఎక్స్‌వీ తీసుకోమన్నారు. దాంతో పాటు రెండు ఫిల్టర్లు, రెండు కీలు, బండల అంచుకు బ్రష్ కట్టరు. బిల్లులో ఇంజిన్ మోడల్ నంబరు రాయించాను. ఈ20 సంగతి మెయిల్‌లో అడిగాను, ఇంకా జవాబు రాలేదు.

డెలివరీ శుక్రవారం. నూనె లేకుండా వస్తుందట. బండికి పోసే 20డబ్ల్యూ-40 పోయొచ్చా?

స్పానర్ సెట్టు, కర్నూలు

10డబ్ల్యూ-30 పోయండి, స్కూటర్లకు వాడేదే, ఎస్‌జే గానీ ఆ పై గ్రేడు గానీ, డబ్బా మీద రాసి ఉంటుంది. లీటరు డబ్బా మొత్తం ఒంపొద్దు, దీనికి పట్టేది అర లీటరుకు కొంచెం పైన. కొద్దికొద్దిగా పోస్తూ గేజి కడ్డీ తుడిచి చూసుకోండి. ఎక్కువైతే తెల్లపొగ వచ్చి మళ్లీ మీరే ఇక్కడ పోస్టు పెడతారు. మొదటి నూనె 20 గంటల్లోపే మార్చేయండి. బ్లేడు కడగడానికి మిషన్ పక్కకు వంచినప్పుడు ఫిల్టర్ వైపు పైకి ఉండాలి. ఆ మాట పనివాడికి మీరే చెప్పండి, డీలర్ చెప్పడు.